బావ గుండె ఒక వాడలో, ఫోన్ ఇంకో వాడలో

మా చుట్టాల్లో ఎవరింట్లో ఏ వస్తువు మొరాయించినా ఫోన్ నాకే వస్తుంది. నేను మహబూబాబాద్‌లో బడిపిల్లలకు భౌతికశాస్త్రం చెబుతాను. ఆ పాపానికి గ్రైండర్ మొదలు గీజర్ దాకా అన్నీ నాకు తెలిసి ఉండాలని మావాళ్ల నమ్మకం. అందుకే తరిగొప్పుల దగ్గరి పల్లె నుంచి మా అక్క ఫోన్ చేసి, బావ వాచ్ ఫోన్‌కు అంటుకుంటలేదని చెప్పినప్పుడు నేను ఆశ్చర్యపోలేదు. విసుక్కున్నాను.

ఆ వాచ్ తెచ్చింది మా అక్క కొడుకు. వాడికి భూపాలపల్లి బొగ్గుగనిలో ఉద్యోగం. ఎండాకాలంలో బావకు గుండెనొప్పి వచ్చి స్టెంట్ వేశారు. దవాఖాన నుంచి ఇంటికి రాగానే వాడొక స్మార్ట్ వాచ్ తెచ్చి తండ్రి చేతికి కట్టాడు. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటుందో వాచ్ బావ ఫోన్‌కు చెబుతుంది, ఆ ఫోన్ అక్క ఫోన్‌కు చెబుతుంది. వేగం ఎక్కువైతే బావ ఫోన్ గట్టిగా మోగుతుంది. ఇదంతా చేసిపెట్టి వాడు డ్యూటీకి పోయాడు. గనిలోకి దిగేటప్పుడు ఫోన్ పైనే వదిలి పోవాలి కాబట్టి, వాడి తెలివిని కాపాడే పని నా మెడకు చుట్టుకుంది.

వాచ్‌కూ ఫోన్‌కూ మాట తెగితే అక్క ఫోన్‌లో అంకె పోయి ఒక గీత వస్తుంది. ఆ గీత చూస్తే మా అక్క ప్రాణం పైకే పోయేది. మొదటిసారి పొయ్యి మీద కూర వదిలేసి, చెప్పుల్లేకుండా పంచాయతీ ఆఫీసు దాకా ఉరికింది. బావ అక్కడ హోటల్లో నలుగురితో కూర్చుని చాయ్ తాగుతున్నాడు. నేను సచ్చిన్నని నీకెవరు చెప్పిండ్రే అని అందరి ముందూ అడిగాడట. అక్క ఇంటికొచ్చి నాకు ఫోన్ చేసి ఏడ్చింది. కూర కూడా మాడిందని చెప్పింది.

అవి సర్పంచ్ ఎన్నికల రోజులు. ఆ కుర్చీ కోసం బావ ఏళ్లుగా కాచుకుని ఉన్నాడు. తీరా చూస్తే ఊరు మహిళలకు రిజర్వ్ అయింది. ఆయన ఏమాత్రం దిగులు పడకుండా అక్క చేత నామినేషన్ వేయించి, ప్రచారానికి తాను బయలుదేరాడు. డాక్టర్ ఎక్కువ తిరగొద్దన్నాడు. ఊరు చిన్నదేనని బావ సమాధానం. అభ్యర్థి ఇంట్లో కూర్చుని భర్త గుండెను చూసుకుంటోంది. ఇందులో ఊళ్లో ఎవరికీ వింత కనబడలేదు. నిజం చెప్పాలంటే నాకూ కనబడలేదు.

నేను ఇక్కడి నుంచే చేతనైనంత వైద్యం చేశాను. బ్లూటూత్ తీసి మళ్లీ పెట్టమన్నాను. ఫోన్ ఆపి తెరవమన్నాను. యాప్ తీసేసి కొత్తగా ఎక్కించాం. బ్యాటరీ పొదుపు చేసేది ఆపించాను. మొదటి రోజు అక్క వాచ్‌కు పెట్టిన పసుపు కుంకుమలు తుడిపించాను, ఆమె మనసు చివుక్కుమన్నా సరే. ప్రతిసారీ పొద్దున బాగానే ఉండేది, బావ గడప దాటి కాసేపయ్యాక గీత వచ్చేది. చివరికి ఒక సెలవు చూసుకుని రైలెక్కి జనగామలో దిగాను, అక్కడి నుంచి ఆటోలో ఊరు చేరాను.

ఆ సాయంత్రమంతా వాచ్, ఫోన్ కొత్త పెళ్లిజంటలా ఉన్నాయి. ఒక్కసారి కూడా గీత రాలేదు. నాకు ఒళ్లు మండింది. అక్క మాత్రం, నువ్వొచ్చినవ్ గదా, గందుకే బాగైంది అంది.

తెల్లారి నేనూ బావ వెంట ప్రచారానికి పోయాను. రెండు సందులు తిరిగేసరికి రోగం దొరికింది. బావ ఫోన్ బావ దగ్గర లేదు.

మా వైపు నాయకుడన్నవాడు తన ఫోన్ తాను మోయడు. దానికొక మనిషి ఉంటాడు. బావకూ ఒకడున్నాడు, ముప్పై ఏళ్లవాడు, పదవేదీ లేకపోయినా పొద్దస్తమానం ఈ పని మీదే ఉంటాడు. ఎవరు ఫోన్ చేసినా "అన్న మీటింగ్ల ఉన్నడు" అంటాడు, అన్న పక్కనే పల్లీలు తింటున్నా సరే. ఈ వాడలో బావ దండాలు పెడుతుంటే, వాడు ఫోన్ జేబులో వేసుకుని, బండి మీద ముందు వాడకు పోయి జనాన్ని పోగుచేస్తాడు. వాచ్ పాపం ఎంతదూరమని అరుస్తుంది? నేను ఇన్ని రోజులూ యాప్‌ను తిట్టాను.

అన్నం దగ్గర ఈ సంగతి చెప్పాను. ఫోన్ నీ జేబులో పెట్టుకో బావా, అయిపోతుంది అన్నాను. బావ ముద్ద ఆపాడు. తన ఫోన్ తానే పట్టుకుని తిరిగితే ఇజ్జత్ ఏం ఉంటుందని, ఓడిపోయేటోని లెక్క కనబడతానని చెప్పాడు. అక్క పప్పు వడ్డిస్తూ, అయితే ఫోన్ నేను పట్టుకుంటా అంది.

"పెండ్లం ఎంటవడి తిరిగితే నలుగురు ఏమనుకుంటరు?" అన్నాడు బావ.

"పోటీల ఉన్నది నేను. నువ్వే నా ఎంటవడి తిరుగుతున్నవనుకుంటరు తీ."

బావ మజ్జిగ అడిగాడు.

అట్లా ఆ మధ్యాహ్నం మా అక్క తన ప్రచారానికి మొదటిసారి బయలుదేరింది. పొద్దున బావకు గుమ్మంలోనే దండం పెట్టి లోపలికి పోయిన ఆడవాళ్లు ఇప్పుడు అక్కకు పీట వేశారు. నల్లా నీళ్లు, ఆగిపోయిన పింఛన్, ఇళ్లలో జొరబడి అన్నం గిన్నెలు ఎత్తుకుపోతున్న కోతులు, అన్నీ చెప్పుకున్నారు. మధ్యలో ఒకసారి బావ ఫోన్ మోగితే, వెంట ఉన్న ఆయన్ను అక్క కాసేపు ఒక అరుగు మీద కూర్చోబెట్టింది. అక్క ఇల్లిల్లూ తిరుగుతూ సందు చివరికి పోయి, మూల తిరిగిపోయింది. బావ అలసిపోయి కిరాణం దుకాణం ముందు బల్ల మీద కూలబడ్డాడు. కాసేపటికి ఆయన చేతికున్న వాచ్ చిన్నగా వణికింది. ఫోన్ దూరమైందన్నమాట.

ఆయన దాన్ని చూసి, ఇన్నాళ్లూ ఫోన్ మోసినవాణ్ని సోడా తెమ్మని పంపి, నా వైపు తిరిగాడు.

"బామ్మర్దీ, మీ అక్కను ఇట్ల రమ్మను. నాకు భయమైతంది."

నొప్పి ఏమైనా ఉందా అని అడిగాను. లేదన్నాడు. నేల చూస్తూ చెప్పాడు.

"ఆ ఫోన్ మోగితే నాకు కాళ్లు చేతులు ఆడయి. గందుకే ఆనికిచ్చి పంపేటోన్ని. మోగినా యాడనో మోగుతది, నాకు ఇనవడది. ఇజ్జత్ అన్నదంత ఉత్తదే. ఇందాక మీ అక్క చేతుల మోగింది. జర కూసో అన్నది, కూసున్న. భయం గాలే. ఇప్పుడామె కనవడ్తలేదు."

ఆయన నోట ఆ మాట నేనెన్నడూ వినలేదు. లేచి మూల తిరిగాను. అక్క ఒక ఇంటి వాకిట్లో ఆడవాళ్ల మధ్య కూర్చుని ఉంది. ఒళ్లో ఉన్న బావ ఫోన్‌లోనూ అదే గీత ఉంది, ఆమె చూసుకోలేదు. నేను వంగి బావ అన్నది చెవిలో చెప్పాను.

"నాకు భయమైతందని ఒక్కపాలి నాతోని అంటే ఏం పోయేది?" అంది అక్క. కళ్లు తుడుచుకుని, ఫోన్ నా చేతిలో పెట్టి గబగబా నడిచింది.

వెనకే నేనూ మూల తిరగగానే ఫోన్‌లో అంకె వచ్చింది, కొంచెం ఎక్కువే. చెబుదామని చూస్తే అక్క అప్పటికే బల్ల మీద బావ పక్కన కూర్చుని, వాడకట్టంతా చూస్తుండగా ఆయన చెయ్యి పట్టుకుని ఉంది.