తిన్న ఇంటి వాసాలు

ఉద్యోగ విరమణకు రెండేళ్ల ముందు, వేసవి చివర్లో, నన్ను కడప నుంచి కోడుమూరుకు అసిస్టెంట్ ఇంజినీరుగా వేశారు. కుటుంబం కడపలోనే ఉంది. హోటలు తిండి పడక, నా గదికి ఎదురుగా కిరాణా అంగడి నడిపే రంగయ్య శెట్టి ఇంట్లో మధ్యాహ్నం భోజనానికి కుదిరాను. వండేది ఆయన తల్లి నాగమ్మవ్వ. జొన్నరొట్టె, నంజుకోను ఊరుబిండి పచ్చడి. డబ్బు మాటెత్తితే అట్లకాడ చూపించేది.

ఆ ఏడు ముసురు పట్టి వదల్లేదు. పాత మిద్దెలు చూసి, ఉండదగనివి వెంటనే ఖాళీ చేయించమని ఉత్తర్వు వచ్చింది. మిద్దె అంటే దూలాల మీద వాసాలు, వాటి మీద బండలు, ఆపైన చౌడుమట్టి. వాన దిగకుండా ఏటా కొత్త చౌడు పోస్తారు, పాతది తీయరు. ఇంటి మీద ప్రేమకొద్దీ బరువు పెంచుతూ పోతారు. మేం ముఖ్యంగా చూసేది గోడలో దిగిన వాసాల కొసలు. చెమ్మా చెదా పట్టేది అక్కడే. సుత్తితో తడితే గట్టి కర్ర ఠక్కున పలుకుతుంది, పుచ్చిన కర్ర మొద్దుగా పలుకుతుంది.

శెట్టి ఇల్లు చివరికి పెట్టుకున్నాను. భోంచేసి, చేయి కడుక్కుని, అవ్వ పడుకునే వెనక గదిలో నిచ్చెన వేశాను.

"ఏం సారూ, తిన్నింటి వాసాలు లెక్కబెడతాండారే!" అని శెట్టి నవ్వాడు.

ఈ సామెత ఎలా పుట్టిందో మా నాన్న చెప్పేవారు. చెట్టు కరువైన సీమలో కలప దూరం నుంచి బండ్ల మీద రావాలి. ఎన్ని వాసాలుంటే అంత కలిగిన ఇల్లు. అన్నం తిని, వెల్లకిలా పడుకుని వాటిని లెక్కించేవాడు ఆ కలిమి మీద కన్నేసినట్టే. పెట్టిన చేతికి అంతకు మించిన ద్రోహం లేదు.

గోడలో దిగిన వాసం కొసను పొడిచి చూస్తే స్క్రూడ్రైవరు పిడిదాకా దిగింది. ఈ రోజే ఖాళీ చేయాలన్నాను.

"ఏటా చౌడు పోపిస్తాండాం, దీనికేమైతాది? మరమ్మతు చాలని రాయండి సారూ. ఈ వానలో మాయమ్మను యాడికి తీస్కపోవాల?"

అలా రాసే వీలు నాకుంది. ఆ ముసలావిడ చేతి రొట్టె ఇంకా కడుపులో ఉంది. చాలా బాధేసింది. అయినా గోడ మీద ఎర్రరంగు గుర్తు వేయించాను. అంతవరకు నాతో మర్యాదగా మాట్లాడిన మనిషి, "మా ఉప్పు తిని శానా బాగ చేసినావప్పా" అన్నాడు. పోలీసులను పిలుస్తానంటే గానీ తల్లితో అద్దె ఇంటికి మారలేదు. మర్నాటి నుంచి నాకు మళ్లీ హోటలే గతి.

ఆ వారంలోనే ఒక పొద్దున వెనక గది కప్పు కూలింది. అక్కడే వదిలి వెళ్లిన అవ్వ మంచం మట్టి కింద నుజ్జయి దొరికింది.

శెట్టి ఆఫీసుకు వచ్చి, "అమ్మ రమ్మంటాంది" అని మాత్రం అన్నాడు. వాళ్ల అద్దె ఇల్లూ పాత మిద్దే. పళ్లెం ముందు కూర్చోబోతుంటే అవ్వ ఆపింది.

"ఉండు నాయనా. ముందు వాసాలు లెక్కబెట్టు. ఆమీద తిందువు."

లెక్కపెట్టి, తట్టి చూసి, గట్టివేనని చెప్పాకే తిన్నాను. మా పనిలో తిన్న ఇంటికొక కొలత, తినని ఇంటికొక కొలత ఉండకూడదు. ఉంటే ముందు పోయేది తిన్న ఇంటివాళ్లే.