ముగ్గురం బయలుదేరిన నడక

దయ్యాలంటే నాకు భయమూ లేదు, నమ్మకమూ లేదు. ఉంటే గింటే వాటికీ కాస్త పాతకాలపు వసతి కావాలి కదా. మెల్‌బోర్న్ శివార్లలో కొత్తగా లేచిన ట్రుగనీనాలో మా వీధిలో చెట్లే ఇంకా ఎదగలేదు. మా ఇంటి గోడలకు పెయింటు వాసన తప్ప వేరే చరిత్ర లేదు. నేను వంతెనల లెక్కలు సరిచూసే ఇంజినీరుని. ఇది గొప్పకు చెప్పడం లేదు. కంటికి కనిపించినదానికన్నా లెక్కనే ఎక్కువ నమ్ముతానని తెలియడానికి చెబుతున్నాను.

మెల్‌బోర్న్‌కి తూర్పున, కొండల మధ్య, ఒకప్పటి బంగారు గనుల ఊరొకటుంది. కొండల మీదుగా కాన్‌బెరా దిక్కుకు వారాల తరబడి సాగే నడకదారి అక్కడే మొదలవుతుంది. మేం వారాల తరబడి నడిచే రకం కాదు. మొదటి మజిలీ దాకా వెళ్లి, ఒక రాత్రి టెంటులో చలికి వణికి, ఫొటోలతో వెనక్కి రావాలన్నది ప్లాను.

నా భార్య శ్రావణి డాక్టరు. ఆ వారాంతం ఆమెకు డ్యూటీ పడింది. అందుకని నేను, పదకొండేళ్ల ఆద్య, ఆరేళ్ల మేఘ, ముగ్గురమే బయలుదేరాం. శ్రావణి అప్పగింత ఒక్కటే.

"చిన్నదాని మీంచి కళ్లు తియ్యకు. పిట్ట కనబడితే పిట్ట వెంట పోతుందది."

నిజమే. మేఘ ఒకసారి పార్కులో ఎవరిదో కుక్క వెంట నడిచి వాళ్ల కారెక్కి కూర్చుంది.

ఇంతలో ఒంగోలు నుంచి అమ్మ వీడియో కాల్. పిల్లల్ని చూసి మురిసిపోయి, తర్వాత మా తలలు లెక్కపెట్టింది.

"ఏరా, ముగ్గురే పోతన్నారా? అట్టా పోగూడదని తెలవదా? నాలుగోదానికి ఓ రాయన్నా ఏసుకోండి."

"బట్ వై, నానమ్మా? త్రీ ఈజ్ అ ప్రైమ్ నంబర్," అంది ఆద్య.

"ప్రైమో గీమో, రాయేసుకో తల్లీ."

ముగ్గురు కలిసి వెళ్తే పని చెడుతుందని మావైపు పట్టింపు. జేబులో చిన్న రాయి వేసుకుంటే నలుగురైనట్టు. చేరాక దాన్ని అక్కడే పారేస్తారు. నా దృష్టిలో ఇది విధిని తప్పుడు హాజరుతో మోసం చేయడం. అయినా శ్రమలేని పని కాబట్టి ఒప్పుకున్నాను.

మేఘ ఇంటి ముందు పరిచిన తెల్లరాళ్లలో ఒకటి ఏరుకొచ్చింది. జేబులో వేసుకోలేదు. వెనక సీటు మధ్యలో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, బుజ్జి అని పేరు పెట్టింది. రాయికి పేరు పెట్టకూడదని అమ్మ చెప్పలేదు. మా ఇంట్లో ఏ తరానికీ ఆ సంగతి చెప్పాల్సిన అవసరం వచ్చి ఉండదు.

దారి పొడవునా మేఘ దానితో కబుర్లు చెబుతూనే ఉంది. మధ్యాహ్నానికి ఊరు చేరాం. లోయ నిండా పొగమంచు.

అక్కడ చిన్న కెఫేలో పిల్లలకు హాట్ చాక్లెట్ చెప్పాను. కెఫే నడిపే పెద్దావిడ మూడు చిన్న కప్పులు తెచ్చి పెట్టింది. పిల్లలిద్దరే అన్నాను. ఆవిడ కిటికీలోంచి మా కారు వైపు చూసి, "ఓ, ఆ పాప మీతో కాదా? సారీ, లవ్," అని ఒక కప్పు వెనక్కి తీసుకుంది. నేనూ చూశాను. కారు దగ్గర ఎవరూ లేరు. ఆవిడ కళ్లద్దాలు మెడలో వేలాడుతున్నాయి. నాకు ఆ వివరణ సరిపోయింది.

నడకదారి మొదట్లో ఉన్న బోర్డు కింద బుజ్జిని దింపేశాం. మేఘ ఏడుస్తుందనుకున్నాను. కనీసం టాటా కూడా చెప్పలేదు.

దారి సన్నగా, కొండ అంచున పైకి సాగుతుంది. ఒక పక్క లోయ. పిల్లలిద్దరికీ ఒకే రకం ఎర్ర రెయిన్‌కోట్లు. నేను ముందు, వాళ్లు వెనక. మాటిమాటికీ తిరిగి చూస్తూనే ఉన్నాను. మంచులో మసగ్గా రెండు ఎర్రకోట్లు, చెయ్యీ చెయ్యీ పట్టుకుని వస్తున్నాయి. అక్కాచెల్లెళ్లు కొట్టుకోకుండా నడుస్తున్నారంటే ప్రకృతి మహిమే అనుకున్నాను.

"డాడీ, యూ గైస్ ఆర్ సో స్లో!"

ఆ గొంతు ముందు నుంచి వచ్చింది. తలెత్తి చూస్తే ఆద్య పైన బండమీద కూర్చుని చిప్స్ తింటోంది. దారి మొదట్లోనే, నేను బూటు లేసు కట్టుకుంటున్నప్పుడు, నన్ను దాటి వెళ్లిపోయిందట.

వెనక్కి తిరిగాను. దారి మీద ఎవరూ లేరు.

ఆద్యను అక్కణ్ణుంచి కదలొద్దని చెప్పి కిందికి పరుగెత్తాను. మేఘా అని అరిచాను. పలకలేదు. రెండు మలుపుల కింద, దారి అంచు విరిగి లోయలోకి జారిన చోటొకటి ఉంది. ఆ బురదలో చిన్న బూటు జారిన గీత, అంచు దాకా.

మేఘ దానికి ఎదురుగా, కొండకు వీపు ఆనించి, బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. నీలిరంగు పిట్ట కనిపించిందట.

"షి పుల్డ్ మీ," అంది.

ఎవరే అని అడిగాను. దారి అటూ ఇటూ చూసి, భుజాలెగరేసింది.

నడక అక్కడితో ఆపేశాం. ఇంటికొచ్చాక శ్రావణికి ఏదీ దాచకుండా చెప్పాను. అరుస్తుందనుకున్నాను. ఆమె మేఘ చెయ్యి దీపం కిందికి తెచ్చి తిప్పి చూసింది. మణికట్టు మీద వేళ్ల అచ్చులు ఎర్రగా ఉన్నాయి.

"పెద్దవాళ్ల చెయ్యి కాదిది," అంది. తర్వాత ఆద్యను పిలిచి, దాని వేళ్లు ఆ అచ్చుల పక్కన పెట్టి చూసింది. "దీనిదీ కాదు. ఇంకా చిన్నది."

వివరణలు వెతికాను. మంచులో ఒక కోటు రెండుగా కనిపించి ఉండొచ్చు. అచ్చులు ఏ వేరో గీసుకున్నవి కావచ్చు. ఇంకెవరి పిల్లో మా వెనక వచ్చి ఉండొచ్చు, అక్కడ మా కారు తప్ప మరో కారు లేకపోయినా. ఒక్కొక్కటీ విడిగా నిలబడుతుంది. కలిపితే నిలబడవు. ఇదే వంతెన అయితే నేను సంతకం పెట్టను.

మేఘ ఇప్పుడు దేని వెంటా పోవడం లేదు. రోడ్డు మీద బుద్ధిగా నా చెయ్యి పట్టుకుని నడుస్తుంది. రెండో చెయ్యి మాత్రం కాస్త పక్కకు చాచి, వేళ్లు ముడుచుకుని ఉంచుతుంది. ఆ చెయ్యి దించమని నేనూ చెప్పలేదు, శ్రావణీ చెప్పలేదు.