మావయ్య కాలి దారం

దేవునికి స్తోత్రం. తల్లి ఒడి నుండి ఈ నెరసిన తల వరకు నన్ను మోసుకొచ్చిన ప్రభువు నామానికి మహిమ కలుగును గాక.

నా చిన్నప్పుడు, డెబ్బైలలో, మా మేనమామ నన్ను చోడవరం నుంచి విశాఖపట్నం ఎగ్జిబిషన్‌కి తీసుకువెళ్లాడు. అక్కడ పావలా బిళ్ల వేస్తే ఆడే మిషను ఒకటి ఉండేది. గొట్టంలోంచి చూస్తే పచ్చటి సముద్రం మీద ఓడలు పోతుంటాయి. మీట నొక్కితే నీళ్లలో ఒక వెలుగు పరుగెత్తి, గురి కుదిరితే ఓడను ముంచుతుంది. నాకు ఒక్కటీ మునగలేదు. తిరుగు బస్సులో ఇల్లు చేరేదాకా ఏడ్చాను.

మావయ్య వడ్డాదిలో రేడియోలు బాగుచేసేవాడు. నెల తిరక్కుండా అలాంటిదే ఇంటికోసం చేసి తెచ్చాడు. నేను రెండింటినీ పోల్చి చూసుకునేదాన్ని. అక్కడి సముద్రం మెరిసేది, మాది నీలిమందు పూసిన కాగితం. అక్కడ రకరకాల ఓడలు, మాకు డబ్బారేకుతో కత్తిరించినవి మూడే. అక్కడ ధన్‌మని పేలేది, ఇక్కడ మావయ్య పళ్లెం మీద గరిటెతో కొట్టేవాడు. అన్నింటా మాదే తక్కువ, ఒక్క నా గురి తప్ప. పెట్టె వెనక కూర్చుని, కీర్తన పాడుతూ, ఆయన ఒక చేత్తో ఓడలను నడిపే పిడి తిప్పుతుంటే, నేను మీట నొక్కిన ప్రతిసారీ ఓడ పడేది.

మా సంఘంలో ఆదివారం, దేవుడు చేసిన మేలు చెప్పుకునే సాక్ష్యాల వేళ పిల్లలకూ వంతు ఉండేది. ప్రభువు నా చేతికి గురి ఇచ్చాడని లేచి అందరి ముందూ చెప్పాను. పాస్టరమ్మగారు కళ్లు తుడుచుకున్నారు. మగవాళ్ల వైపు చాప మీద మావయ్య తల దించుకుని ఉన్నాడు. ప్రార్థన చేసుకుంటున్నాడనుకున్నాను.

ఎగ్జిబిషన్ ఎత్తేసే ముందు సండేస్కూలు పిల్లలందరినీ అక్కడికి తీసుకువెళ్లారు. నా సాక్ష్యం విన్నవాళ్లంతా ఆ మిషను చుట్టూ మూగారు. దాచుకున్న బిళ్లలన్నీ వేశాను. ఒక్క ఓడా మునగలేదు.

"ఏటే గుంటా, పెబువు సోడవరంలోనే ఉండిపోయేడా?" అంది పక్కింటి అక్క. అందరూ నవ్వారు.

ఇంటికి రాగానే పెట్టెను వెనక్కి తిప్పాను. ఓడలు పోయే సందు వెనక వాటిని పడగొట్టే చిన్న రేకు, దానికి కట్టిన నల్లదారం, దారం చివర కాలి బొటనవేలు పట్టేంత ఉచ్చు.

మావయ్య బుకాయించలేదు. "నువ్వేడిస్తే సూడలేకపోయేనే" అన్నాడు.

"నాను దేవుడి ముందు సెప్పేసేను మావయ్యా. నువ్వక్కడే ఉన్నావు."

వచ్చే ఆదివారం ఆయనే లేచి నిజం చెబుతాడని ఆశపడ్డాను. సాక్ష్యాల వేళ అయిపోవస్తున్నా చాప మీంచి కదలలేదు. చివరికి నేనే లేచి, నా సాక్ష్యం నిజం కాదన్నాను. దారం సంగతి చెప్పడానికి నోరు రాలేదు. ఆ ఏడాదంతా పిల్లలు నన్ను అబద్ధాలకోరు అన్నారు. మావయ్య విని ఊరుకున్నాడు.

ప్రేమతోనే లాగాడని ఇప్పుడు తెలుసు. క్షమించాను కూడా. అయినా ఎవరైనా నన్ను మరీ మెచ్చుకుంటే, ఈనాటికీ నా చూపు ముందు వాళ్ల కాళ్ల మీదికి పోతుంది.

చదివే మీరూ నాతో కలిసి ఈ ఒక్క మాట అడగండి: ప్రభువా, మా గురి తప్పిన చోట తప్పిందనే చెప్పు. ఆమేన్.