కొట్టేసిన పేరా

ఒకప్పుడు నేను నలుగురు కెనడా గాయకుల జీవితాలు గడగడా అప్పజెప్పగలిగేదాన్ని. ఎవరు ఏ వయసులో గిటారు పట్టారు, ఎవరి మొదటి రికార్డు ఎన్ని గుమ్మాలు ఎక్కి దిగితే బయటికొచ్చింది, ఎవరికి ఏ బహుమతులు వచ్చాయి, అన్నీ నాలుక చివర ఉండేవి. వాళ్ళలో ఒక్కరి పాటైనా విన్న పాపాన పోలేదు.

ఇది షార్జాలో, అందరం మాస్కులు కట్టుకు తిరిగిన రెండో ఏడు సంగతి. మా ఆయన జెబెల్ అలీలో ఒక రంగుల ఫ్యాక్టరీలో క్వాలిటీ చూసేవారు. ఏడాది చివరికి ఆ యూనిట్ మూసేస్తున్నామని ముదీర్, అంటే మేనేజరు, పిలిచి చెప్పాడు. ఇక్కడ ఉద్యోగం పోతే వీసా పోతుంది. వీసా పోతే ఇల్లూ, పాప బడీ అన్నీ దాని వెంటే పోతాయి. కాకినాడ తిరిగి వెళ్తే మా ఇద్దరికీ అక్కడ చేసే పనేమీ లేదు. చుట్టూ అందరూ చేస్తున్న పనే మేమూ చేశాం. కెనడాకి అర్జీ పెట్టుకోవడానికి సిద్ధమయ్యాం.

అర్జీలో ముందు పేరు నాదే. ఆయనకు నలభై నాలుగు, ఆ వయసుకి అక్కడ పాయింట్లు దాదాపు రావు. నాకు ముప్ఫై మూడు, పైగా ఎమ్మెస్సీ ఉంది. అలా మా సంసారం మొత్తం నా ఇంగ్లీషు మీద వచ్చి పడింది. నేనా, కింద బకాలా కొట్లో పాల డబ్బా మార్చి ఇమ్మని అడగడానికి కూడా ఆయన్ని ముందుకు తోసే మనిషిని. చదవమంటే చదువుతాను, రాయమంటే రాస్తాను. ఎదుటివాళ్ళ మొహం చూస్తూ మాట్లాడమంటే నోరు పెగలదు.

మా ఆయనకి దేనికైనా ఒక ప్రొసీజర్ ఉండాలి. అర్జీకి ముందు ఇంగ్లీషు పరీక్ష రాయాలి. అందులో మాట్లాడే భాగంలో చేతికి ఒక కార్డు ఇస్తారు, దాని మీదున్న విషయం గురించి రెండు నిమిషాలు మాట్లాడాలి. ఆయన పాత కార్డులన్నీ నెట్‌లో వెతికి ఒక సిద్ధాంతం కనిపెట్టారు. గొప్ప మనిషి గురించి చెప్పమన్నా, కళ గురించి చెప్పమన్నా, కష్టపడి పైకొచ్చినవాళ్ళ గురించి చెప్పమన్నా ఒక గాయని కెరీర్ సరిపోతుందట. అదీ కెనడా గాయని అయితే వాళ్ళకి ఇంకా సంతోషంగా ఉంటుందట. పరీక్ష పెట్టేవాళ్ళకీ కెనడాకీ ఏ సంబంధమూ లేదన్న సంగతి ఇంత చదువుకున్న మా ఇద్దరికీ తట్టలేదు.

నలుగురి మీద నాలుగు పేజీలు టైపు చేసి తెచ్చారు. మొదటి ముగ్గురిదీ ఒకటే వరస. చిన్న ఊరు, చిన్నప్పుడే పాట, ఎవరో పెద్దవాళ్ళ కంట్లో పడటం, ఆ తర్వాత ప్రపంచమంతా పేరు. నాలుగో పేజీ కాస్త పెద్దావిడది. దాని అడుగున ఒక పేరా మీద ఎర్ర పెన్నుతో అడ్డంగా గీత కొట్టి ఉంది. రెండు రికార్డులు వరసగా ఆడకపోయేసరికి కంపెనీ ఆవిణ్ణి వదిలేసింది. ఆవిడ సొంత ఊరు వెళ్ళిపోయి ఏళ్ళ తరబడి పిల్లలకి పియానో నేర్పింది. యాభై దాటాక ఇంట్లో కూర్చుని మళ్ళీ పాటలు రికార్డు చేసింది. ఇదెందుకు కొట్టేశారని అడిగాను.

"అది చెప్పకు. నెగిటివ్‌గా ఉంటుంది. ఉద్యోగంలోంచి తీసేసినవాళ్ళ గోల వాళ్ళకెందుకు?"

సరేనన్నాను. కుక్కర్‌కి ఎదురుగా నిలబడి మిగతాదంతా బట్టీ పట్టాను. విజిల్ వచ్చేలోపు ఒకళ్ళ కెరీర్ అయిపోవాలని లెక్క.

పరీక్ష రోజున ఫ్యాక్టరీ బస్సు నడిపే డ్రైవరు ఎవరిదో కారు అడిగి తెచ్చి మమ్మల్ని తీసుకెళ్ళాడు. జగిత్యాల వైపు మనిషి. పదేళ్ళుగా మా ఆయన్ని పొద్దున తీసుకెళ్ళి సాయంత్రం దింపుతున్నవాడు. వెనక సీట్లో నా గొణుగుడు విని, ఏదైనా స్తోత్రమా అని అడిగాడు. మా ఆయన విషయం వివరించారు.

"గంత పెద్ద సింగర్లు గదా సార్. మరి ఆల్ల పాట ఎట్లుంటదో అక్కకు ఎర్కేనా?"

పాటతో పని లేదు, కెరీర్ చాలన్నారు మా ఆయన.

కార్డు మీద మెచ్చుకోదగిన మనిషి గురించి చెప్పమని ఉంది. మా ఆయన సిద్ధాంతం నూటికి నూరుపాళ్ళూ ఫలించిందని పొంగిపోయాను. ఊపిరి తీసుకోకుండా, ఆ కొట్టేసిన పేరా తప్ప నాలుగో పేజీ మొత్తం వల్లించాను. అద్దం అవతల కూర్చున్న పెద్దావిడ పెన్ను కింద పెట్టి, ఆ గాయని గొంతు ఎలా ఉంటుందో చెప్పమని నెమ్మదిగా అడిగింది. ఆవిడకి చాలా బహుమతులు వచ్చాయన్నాను. పోనీ మీరు ఎప్పుడెప్పుడు వింటారని అడిగింది. ఆవిడ రికార్డులు లక్షల్లో అమ్ముడుపోయాయన్నాను. ఆ తర్వాత నా దగ్గర మాటలు అయిపోయాయి.

అర మార్కు తక్కువొచ్చింది. మా ఆయన ఆ రాత్రే మళ్ళీ పరీక్షకి తేదీ తీసుకున్నారు. తిట్టినా బాగుండేది. నాకు ఆ కాగితాల మీద ఒళ్ళు మండింది, ఆయన మీద మండింది, ఏ మాత్రం బుర్ర వాడకుండా తలాడించిన నా మీద అన్నిటికన్నా ఎక్కువ మండింది.

మర్నాడు ఆయన బస్సెక్కాక, మెంతికూర ముందేసుకుని కూర్చుని, ఫోన్లో ఆ నాలుగో ఆవిడ పాట మొదటిసారి పెట్టాను. యాభై దాటాక పాడినదే దొరికింది. బొంగురు గొంతు. మా మేనత్త వంటింట్లోంచి అన్నానికి రమ్మని కేకేస్తే ఎలా ఉండేదో అలా ఉంది. మొదటిసారి ఒక్క ముక్క అర్థం కాలేదు. నాలుగోసారికి మాటలు విడివిడిగా తెలిశాయి. మంచు పడే ఊళ్ళో ఒకామె పని నుంచి వచ్చి, గుమ్మంలో తడి బూట్లు విప్పుకుంటూ, ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని అడుగుతుంది. అంతే పాట. కూర ఒలవడం ఆగిపోయింది. బహుమతుల పట్టికలో ఈ గుమ్మం లేదు, ఈ బూట్లు లేవు.

అప్పట్నించి రోజూ విన్నాను. వింటూ ఆవిడతో ఇంగ్లీషులో మాట్లాడేదాన్ని. ఎవరొచ్చారమ్మా, బయట చలిగా ఉందా, ఇలాంటివే. తప్పులు దిద్దేవాళ్ళు లేరు కాబట్టి నోరు దానంతటదే తిరిగింది.

రెండోసారి కార్డు మీద మనుషులే లేరు. ఇంట్లో మీకు నచ్చిన చోటు గురించి చెప్పండి, అంతే. మా వంటింటి కిటికీ గురించి చెప్పాను. అక్కడ కూర్చుని కూర ఒలుస్తూ వినే పాట గురించి చెప్పాను. గ్రామరు రెండుచోట్ల తప్పిందని నాకే తెలిసింది, అయినా ఆగలేదు. ఆవిడ గొంతు ఎలా ఉంటుందని ఈసారి ఎవరూ అడగలేదు. అయినా మా మేనత్త కేకలాగా ఉంటుందని చెప్పాను. ఎదురుగా ఉన్నాయన నవ్వాడు.

మార్కులు వచ్చాయి. పాయింట్లు సరిపోయాయి, ఇక పిలుపు రావడమే తరువాయి. డ్రైవరుకి ఫోన్లో చెబితే, ఖలాస్, అక్క గెలిచింది అన్నాడు. మా ఆయన మాత్రం ఫలితం ఉన్న కాగితాన్ని ప్రింటు తీసి, ఫైల్లో పెట్టి, సోఫాలో కూర్చుండిపోయారు. శుక్రవారం సాయంత్రం. పాప కింద ఆడుకుంటోంది. ఇంత సంతోషంలో ఈయనకేమైందా అనుకున్నాను.

ఇంతకీ ఆ పాట ఎలా ఉంటుందని అడిగారు. నాలుగు పేజీలు టైపు చేసిన మనిషి కూడా ఒక్క పాట వినలేదని అప్పుడే నాకు తెలిసింది. ఫోన్ మధ్యలో పెట్టి వినిపించాను. చివరిదాకా నేల చూస్తూ విన్నారు.

"వీళ్ళల్లో నలభై దాటాక మొదలెట్టినవాళ్ళు ఎవరైనా ఉన్నారేంటి?"

ఇన్ని నెలలూ భయమంతా నాదేననుకున్నాను. నేను నోరు పెగలక భయపడుతుంటే, ఆయన అక్కడ మళ్ళీ మొదటి మెట్టు మీద నిలబడాలని భయపడుతున్నారు. నాకు చెప్పలేక, గెలిచినవాళ్ళ కథలు ఏరి ఏరి నాకు ఇచ్చారు.

లేచి వెళ్ళి, కందిపప్పు డబ్బా వెనక మడిచి పెట్టుకున్న నాలుగో పేజీ తెచ్చి ఇచ్చాను. పైన ఉన్నదంతా వదిలేసి, ఎర్ర గీత కింద ఉన్న పేరా మీద వేలు పెట్టి చూపించాను. కళ్ళజోడు తెచ్చుకుని చదివారు. కంపెనీ వదిలేసిన చోట ఆగారు. పిల్లలకి పియానో నేర్పిన చోట ఆగారు. చివరికొచ్చి మళ్ళీ మొదట్నించి చదివారు.

"ఇది కొట్టేసింది నేనే కదూ" అన్నారు.

మీరేనన్నాను.