ముందే చెప్పిన సారీ

ముందుగానే ఒప్పుకుంటున్నాను. సొరకాయలు కోయడం నాకు పుట్టుకతో వచ్చిన రోగం. నేను చెప్పే చీమకు కనీసం ఒక ఏనుగు దంతమైనా ఉంటుంది. ఈ ఒప్పుకోలు ముందే ఎందుకంటే, ముందు చెప్పేసుకుంటే తర్వాత హాయిగా కోసుకోవచ్చని నాకు నేర్పింది ఒక నాలుగేళ్ల పాప.

అప్పుడు నేను మెల్‌బోర్న్‌లో చదువుకుంటున్నాను. ఊరి శివారు ట్రుగనీనాలో ఒక తెలుగు అంకుల్ ఇంట్లో వెనక గదిలో అద్దెకుండేవాణ్ణి. ఆ గదిలో ఆవలించాలంటే ముందు కిటికీ తెరవాలి, అంత విశాలం. అంకుల్ది గుంటూరు వైపు. వారమంతా గోడౌన్‌లో ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవారు. ఆదివారం మధ్యాహ్నం ఒక బడి హాల్లో జరిగే తెలుగు చర్చి సంఘానికి ఆయనే పెద్ద. నేను పుట్టుకతో క్రైస్తవుణ్ణి, ఆరాధన తర్వాత పెట్టే బిర్యానీ వాసనతో భక్తుణ్ణి. ఖాళీగా కనిపించిన కుర్రాణ్ణి ఏ సంఘమూ వదలదు కాబట్టి, నాకు హాలు దారి పూర్తిగా తెలిసేలోపే సండే స్కూల్లో చిన్నపిల్లల క్లాసు అప్పగించారు.

ఆ క్లాసులోనే ఉండేది అంకుల్ మనవరాలు. కరిచేది. ఆస్ట్రేలియా ఉత్తరాన నదుల్లో ఉన్న మొసళ్లు ట్యూషన్ కోసం మెల్‌బోర్న్ దాకా రావచ్చు, అంత పనితనం. ఎప్పుడూ ఆ పళ్లకి దొరికిపోయేది పక్కన కూర్చునే బొద్దుపిల్లాడు. వాడి చేతులు అప్పుడే పొయ్యిలోంచి తీసిన బన్నుల్లా ఉండేవి, ఆ మాట కూడా చెప్పుకోవాలి.

ఈ బుద్ధి ఎక్కణ్ణుంచి వచ్చిందని రాత్రి భోజనాల దగ్గర పెద్ద చర్చ. అంకుల్‌కి సందేహమే లేదు. "చూడు బాబూ, అబద్ధం ఆడ్డం పిల్లలకి ఎవుడన్నా నేర్పాడా? నిజం చెప్పించడానికే మనం నానా తంటాలు పడాలి. పాపం పుట్టుకతోనే వస్తది" అనేవారు. పాప తల్లి, అంటే అంకుల్ కూతురు, నర్సు. నేను అక్కా అని పిలిచేవాణ్ణి. నిద్ర చాలక కరుస్తోందనీ, ఆదాము దాకా పోనక్కర్లేదనీ ఆవిడ వాదన. నాకు మాత్రం ఇద్దరు చెప్పేదీ నిజమేననిపించేది, అన్నం వడ్డించేది ఇద్దరూ కాబట్టి.

ఈలోగా ఫిర్యాదులు పెరిగాయి. మనవరాలైనా సరే, ఇంకోసారి కరిస్తే క్లాసు మాన్పించి తల్లి పక్కన కూర్చోబెడతామని అంకుల్ సంఘం ముందే చెప్పేశారు. అక్కకి అది పెద్ద దెబ్బ. రాత్రంతా ఆసుపత్రి, పగలంతా పాప. వారం మొత్తానికి ఆవిడ కళ్లు మూసుకుని, ఒడి ఖాళీగా పెట్టుకుని కూర్చునేది ఆ ఆరాధన గంటే. అది కూడా పోతే చర్చికి రావడమే మానేస్తానంది.

మా సంఘంలో పిల్లల తగాదాలన్నీ ఒకే పద్ధతిలో తీరేవి. తప్పు చేసినవాళ్లు మోకాళ్లూని, చేతులు జోడించి "సారీ జీసస్" అనాలి. అందరం ఆమెన్ అంటాం. కేసు కొట్టేసినట్టే. నేనూ అదే చేయించేవాణ్ణి.

కానీ కుతూహలం కొద్దీ, యూనివర్సిటీలో ఏ పాఠం మీదా పెట్టని శ్రద్ధ ఆ పాప నోటి మీద పెట్టాను. ఒక ఆదివారం పాప తనంతట తనే మోకాళ్లూనింది. కళ్లు మూసి, చేతులు జోడించి, మెల్లగా "సారీ జీసస్" అంది. నా బోధన ఫలించిందని పొంగిపోయాను. తర్వాత కళ్లు తెరిచి, పక్కవాడి ముంజేతిని నింపాదిగా కరిచింది.

ఆ కేక సముద్రం అవతల టాస్మానియాలో కూడా వినపడింది.

హాల్లోంచి అంకుల్ వచ్చారు. వెనకే అక్క, అప్పటికే హ్యాండ్‌బ్యాగు భుజానికి తగిలించుకుని. చూసింది చూసినట్టు చెప్పాను. ఆయన పిల్లల ప్లాస్టిక్ కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నారు. మోకాళ్లు చెవులకి తగులుతున్నాయి.

"ముందే సారీ ఎందుకు చెప్పావమ్మా?"

"బికాజ్ ఆఫ్టర్ ఐ డోంట్ ఫీల్ లైక్ ఇట్, తాతా."

కరిచాక చెప్పబుద్ధి కాదట. ముందైతే సులువట.

 అంకుల్ కూతురి వైపు చూసి అన్నారు. "కరవడం దీని సొంతమే. ఈ సారీ మాత్రం మనం నేర్పిందే."

"మరి మీరు పెట్టిన రూలు?" అంది అక్క.

"దీనికి నిజంగా సారీ చెప్పాలనిపించేదాకా ఇక్కడే కూర్చుంటా. ఆ తర్వాత చూద్దాం."

బయట ప్రేమవిందుకు, అంటే ఆరాధన తర్వాతి భోజనాలకు, బిర్యానీ గిన్నెలు దించారు. అంకుల్ ప్రార్థన చేయందే మూత తీసే ఆచారం లేదు. తలుపు సందులోంచి ఒక్కో ఆకలి ముఖం తొంగిచూసి పోతోంది. గిన్నెల్లో బాస్మతి బియ్యం మొలకెత్తి, కంకి వేసి, కోతకొచ్చింది. అంకుల్ కదల్లేదు. పిల్లాడి చేతిని పాప ముందు పెట్టి ఊరుకున్నారు. పాప వంగి, ఒక్కో పంటి గాటునీ వేలితో తాకి చూసింది. తర్వాత బుగ్గలు నింపుకుని ఉఫ్ అని ఊదింది. పిల్లాడికి కితకితలు పుట్టి నవ్వేశాడు.

ఈ పిల్ల క్లాసులో ఉండొచ్చా అని అంకుల్ వాణ్ణే అడిగారు. వాడు బాగా ఆలోచించి, "షి కెన్ స్టే. ఇన్ ది అదర్ కార్నర్" అన్నాడు. అక్క భుజం మీంచి బ్యాగు దించింది. అంకుల్ కుర్చీతో సహా పైకి లేచారు.

ఇక కల్పించిందేమిటో చెప్పాలి. మొసళ్లూ, బాస్మతీ సంగతి మీకు తెలిసిందే. కుర్చీ అతుక్కుని లేవడం నిజం, ఊడలాగింది నేనే. పిల్లాడి తీర్పూ నిజం. ఆ ఊదడం మాత్రం నేను కల్పించాను. పాప గాట్లు తాకింది, అంతే. ఊదింది అంకుల్. ఆయన ఊదుతుంటే పాప ఒకసారి ఆయన నోటినీ, ఒకసారి వాడి చేతినీ, నోరు కొంచెం తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. అది పశ్చాత్తాపమో, ఆకలో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ తర్వాత కూడా కరిచింది. కానీ కరిచేముందు కళ్లు మూసి చేతులు జోడించడం నేను మళ్లీ చూడలేదు.