ఉబ్బిన బ్యాటరీ, అత్త గొంతు

గద్వాల నుంచి పొద్దున్నే మామ ఫోన్ చేశాడు. "మీ అత్త పోయిందమ్మా," అన్నాడు. ఆమె మా నాన్నకు చెల్లెలు, నాకు మేనత్త. మగ్గం దగ్గరే పుట్టి పెరిగిన మనిషి. ఆమె లేదంటే నాకింకా నమ్మకం కుదరడం లేదు.

వాళ్ల వీధిలో అందరూ ఆమెను 'బ్యాటరీల అత్త' అని ఆటపట్టించేవాళ్లు. దానికి కారణం మామే. కరెంటు పోతే మగ్గానికి వేలాడదీసే ఛార్జింగ్ లైటు బ్యాటరీ ఒకసారి ఉబ్బింది. మడత పెట్టిన చీర మీద చెక్క వేసి రాయి పెడితే అణుగుతుంది కదా, ఇదీ అణుగుతుందనుకున్నాడు ఆ మహానుభావుడు. చీరల పక్కనే పెట్టి, దాని మీద రాయి పెట్టాడు. కాసేపటికి బుస్సుమని పొగ, మంట. అత్త పట్టుకారుతో దాన్ని వాకిట్లోకి లాగి ఇసుక కుమ్మరించింది. కొంగు కాలిన కొత్త చీరను ఒళ్లో పెట్టుకుని చాలాసేపు కూర్చుంది.

ఫోన్లు బాగుచేసే దుకాణానికి పోయి అన్నీ అడిగి తెలుసుకుంది. ఇక ఊరుకుంటుందా! కనబడినవాళ్లకల్లా అదే పాఠం. "ఉబ్బినదాన్ని ఒత్తొద్దు, పొడవొద్దు, ఛార్జింగు పెట్టనే పెట్టొద్దు. గుర్రుమనే కుక్కను కదిలిస్తరా ఎవలన్న?" వాకిట్లో నీడన ఇనుప డబ్బా నిండా పొడి ఇసుక పెట్టింది. పాడైన బ్యాటరీల కొసలకు టేపు చుట్టి అందులో ఉంచి, పాతవి తీసుకునే ఆ దుకాణంలోనే ఇచ్చొచ్చేది.

"చెత్తబండిలో వేస్తే పోదా అత్తా?" అన్నాను ఒకసారి.

"బండిల నలిగి అంటుకుంటే గా బండామె చేతులు కాలవా? ఆమెకు పిల్లలు లేరా బిడ్డా?" అంది. నాకు సిగ్గేసింది.

దినాలు అయ్యాక ఆ డబ్బాలో అత్త ఫోన్ కనబడింది. బ్యాటరీ ఉబ్బిందని పోకముందే తనే పెట్టుకుంది. మగ్గం దగ్గర పాడుకున్న పాటలన్నీ అందులోనే రికార్డు చేసుకునేది. పంపమంటే, "నాది కాకి గొంతు, ఎవలింటరే!" అని నవ్వేది. ఆ నవ్వు కూడా అందులోనే ఉండిపోయింది. ఒక్కసారి ఛార్జింగ్ పెడితే వినొచ్చు. ఒక్క పాట చాలు. ఛార్జర్ చేతిలో పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు. నేను పెట్టలేకపోయాను.

డబ్బాతో సహా దుకాణానికి తీసుకెళ్లాను. దుకాణమతను జాగ్రత్తగా బ్యాటరీ ఊడదీసి పక్కన పెట్టాడు. "దీనికి కొత్త బ్యాటరీ వస్తలేదు అక్కా. ఏడన్న దొరికితే చెప్త," అని ఉత్త ఫోన్ నా చేతికిచ్చాడు.

మా ఇంటికి తిరిగొచ్చే వనపర్తి బస్సులో దాన్ని చెవికి ఆనించుకుని కూర్చున్నాను. ఏదో ఇంటి సంగతి వింటున్నాననుకుందేమో, పక్కసీటు ఆమె మర్యాదగా ముఖం అటు తిప్పుకుంది.