నల్లవజ్రం కథ చెప్పినందుకు

రెండు వేల ఇరవై మూడు, జూలై నెల. ధర్మవరంలో పట్టుచీరల బజారు వెనక సందులో నాది రాళ్ళు పరీక్ష చేసే అంగడి. బోర్డు మీద ‘జెమ్ టెస్టింగ్’ అని రాసి ఉంటుంది గానీ, ఎవరినడిగినా ‘రాళ్ళాయన అంగడా?’ అనే దారి చూపిస్తారు. మా ఇంట్లో తాతల కాలం నుంచీ మగ్గమే. నేనొక్కడినే మగ్గం గుంటలోంచి లేచి, జైపూర్ పోయి ఈ పని నేర్చుకొని వచ్చాను. జరీ అసలుదా నకిలీదా అని చిన్నప్పటి నుంచీ చూసిన కళ్ళు కాబట్టి రాళ్ళు చూడటం నాకు కష్టమనిపించలేదు. నోరు అదుపులో పెట్టుకోవడమే కష్టం. నేను చెప్పబోయేది ఆ నోరు చేసిన పని గురించే.

మా వైపు తొలకరి వానలు పడగానే జనం వజ్రకరూరు చేలల్లోకి బయలుదేరుతారు. వాన మట్టిని కడిగేస్తే రాళ్ళు పైకి తేలుతాయి. సద్దిమూట కట్టుకొని, తలకు గుడ్డ చుట్టుకొని, వంగి నేలను చూస్తూ పొద్దంతా నడుస్తారు. చాలామందికి దొరికేది నడుంనొప్పి. ఏదో దొరికిందనుకున్నవాళ్ళు నా దగ్గరికి వస్తారు. గాజుపెంకులు తెచ్చారు, పలుగురాళ్ళు తెచ్చారు, ఒకాయన పగిలిన బీరుసీసా అడుగు తెచ్చి ‘తెల్లారేసరికి చెప్పు, ఇంకెవరికీ చూపియ్యద్దు’ అని నాతో ఒట్టు వేయించుకున్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. ముదిగుబ్బ దగ్గర పల్లె వాళ్ళది. పెద్దావిడ పేరు నాగలక్షమ్మ, అరవై ఉంటాయి. వెంట వచ్చింది కోడలు సుజాత. కోడలు మెట్టెక్కబోతే అత్త వెనక్కి తిరిగి, “నువ్వు ఆడనే కూచో” అంది. ఆ పిల్ల మారుమాట్లాడకుండా బయట మెట్టుమీదే కూర్చుంది.

నాగలక్షమ్మ కొంగులోంచి ఒక గుడ్డమూట తీసి బల్లమీద విప్పింది. వేపాకుల మధ్య పెద్ద రేగుపండంత నల్లరాయి. దాన్ని ఆమె చేత్తో ముట్టుకోలేదు, గుడ్డ అంచులు పట్టుకొనే నా వైపు తోసింది.

“అప్పా, ఇది వజ్రమో కాదో చెప్పు. ఉత్తమాట వద్దు, మిషన్ పెట్టి చెప్పు. గాజుమీద గీసి చూసినాము, గీత పడింది. మా ఇంట్లో అద్దం పాయ.”

నవ్వుకుంటూ థర్మల్ టెస్టర్ తీశాను. అది పెన్నులాంటి పరికరం. రాయిలో వేడి ఎంత త్వరగా పాకుతుందో చూస్తుంది. మామూలు రాళ్ళకంటే వజ్రంలో వేడి చాలా త్వరగా పాకుతుంది కాబట్టి, దాని మొన వజ్రానికి తగిలితే లైట్లన్నీ వెలిగి కుయ్యిమంటుంది. పలుగురాయికి పలకదు. ఈ రాయికి కూడా పలకదనే అనుకుంటూ మొన ఆనించాను.

కుయ్యిమంది.

తుడిచి ఇంకోవైపు పెట్టాను. మళ్ళీ కూసింది. ఇరవై ఏళ్ళ వృత్తిలో నల్లరాయికి నా మిషన్ కూయడం అదే మొదలు. ఒళ్ళు మరిచిపోయాను. “పెద్దమ్మా, నీ పంట పండింది పో! నల్లవజ్రం!” అని అంగడి అదిరిపోయేలా అరిచాను.

నేను ఎదురుచూసింది సంతోషం. నాగలక్షమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. కుర్చీ వెనక్కి జరుపుకొని లేచింది. “నేననుకున్నెట్టే అయిపాయ” అని గొణిగి, గుమ్మంవైపు తిరిగింది. “ఇన్నావా? వజ్రమేనంట. లేయ్. కొత్తచెరువు బస్సెక్కి మీ నాయన దగ్గరికి పో. మా ఇంటికి మాత్రం రావాకు.”

మెట్టుమీద సుజాత మోకాళ్ళలో తల పెట్టుకొని ఏడవసాగింది. నాకు తలాతోకా అర్థం కాలేదు. “వజ్రం దొరికితే ఎవరైనా ఏడుస్తారా తల్లీ? ఏమైంది?” అని అడిగాను.

“నా కొడుకు ఓబులేసు బోరుబండి మీద పని చేస్తాడు. వజ్రకరూరులో ఈ పిల్ల ఈ రాయి ఏరుకొచ్చిన తొమ్మిదోదినం బండి మీదినించి పడినాడు. తుంటి ఇరిగింది. అనంతపురం ఆస్పత్రిలో పండుకోనుండాడు. నడుస్తాడో లేదో ఇప్పుడే చెప్పలేమంటాండారు డాక్టర్లు. రెండు గొర్రెలు కూడా సచ్చిపాయ.”

“పడితే పడ్డాడు, పాపం. దానికీ రాయికీ ఏం సంబంధం?”

నాగలక్షమ్మ నన్ను ఎగాదిగా చూసింది. “నన్నడుగుతావేందప్పా? చెప్పింది నువ్వే కదా!”

ఫోను తీసి వీడియో పెట్టింది. నల్లమాడలో ఉండే ఆమె చెల్లెలు పంపిందట. తెరమీద ఇదే అంగడి, ఇదే బల్ల, దాని వెనక మెడలో భూతద్దం వేలాడేసుకొని నేను. మూడు నెలల కింద ఒక చానెల్ వాళ్ళు వచ్చి ‘రాళ్ళ గురించి ఏదైనా చెప్పండి’ అంటే, నా దగ్గరికి వచ్చే వాళ్ళందరికీ టీ తాగేలోగా చెప్పే కథే వాళ్ళకూ చెప్పాను.

బ్లాక్ ఓర్లోవ్ అనే నల్లవజ్రం కథ అది. పుదుచ్చేరి దగ్గర ఒక గుడిలో బ్రహ్మదేవుడి విగ్రహానికి కన్నుగా ఉండేదట. ఎవరో సన్యాసి దాన్ని పెకలించుకుపోయాడట. దేవుడి కన్ను తీసినందుకు శాపం తగిలిందట. అది చేతులు మారి అమెరికా చేరితే, అక్కడ దాన్ని పెట్టుకున్న వ్యాపారి ఎత్తయిన భవనం మీదినుంచి దూకాడట. ఆ తర్వాత రష్యా రాచకుటుంబాల ఆడవాళ్ళిద్దరు అట్లాగే దూకి పోయారట. చివరికి ఒకాయన శాపం విరగడానికని ఆ రాయిని మూడు ముక్కలు కోయించాడట. అందులో పెద్దముక్కే ఇప్పుడు ఆ పేరుతో ఉన్నది, అరవై ఏడున్నర క్యారెట్లు, తుపాకీ గొట్టం రంగు. కథ అక్కడితో ఆపి ఉంటే సరిపోయేది. మసాలా తగ్గిందనిపించి ఆఖర్న వేలెత్తి చెప్పాను, వీడియోలో ఇప్పుడు నా చెవులతో నేనే విన్నాను: ‘నల్లవజ్రం ఇంట్లోకొస్తే ఎవరో ఒకరు పైనించి పడాల్సిందే!’

సిగ్గుతో చచ్చిపోయాను. ఈ మాట ఏ పుస్తకంలోనూ లేదు. నా నోటితీటకు పుట్టిన మాట.

పైగా ఆ కథలో రెండో సగం నాకు తెలుసు. తెలిసీ చెప్పలేదు. తర్వాతివాళ్ళు వెతికి చూస్తే ఆ దూకిన రాచవాళ్ళ జాడ సరిగ్గా ఎక్కడా దొరకలేదు. మన దేశంలో అంత నల్లవజ్రం దొరికినట్టు పాత లెక్కల్లో లేదు. నల్లవజ్రాలు ఎక్కువగా దొరికేది బ్రెజిల్లో, ఆఫ్రికాలో. అది ముక్కలైన తర్వాత పెట్టుకున్నవాళ్ళెవరూ ఎక్కడినుంచీ పడలేదు. శాపం ఉన్న రాయంటే కొనేవాడికి మోజెక్కువ కాబట్టి ఎవరో వ్యాపారే అల్లి ఉంటాడని నా అనుమానం. కానీ ఇదంతా చెప్తే వినేవాళ్ళు టీగ్లాసు కింద పెట్టి లేచిపోతారు. అందుకని ఎప్పుడూ చెప్పేవాణ్ణి కాదు.

ఆ రోజు మాత్రం గబగబా అంతా చెప్పాను. నాగలక్షమ్మ చేతులు కట్టుకొని విని, ఒక్క ప్రశ్న అడిగింది.

“అప్పుడు చెప్పింది అబద్ధమా? ఇప్పుడు చెప్పేది అబద్ధమా?”

మెట్టుమీంచి సుజాత కళ్ళు తుడుచుకొని మాట్లాడింది. “ఆ పొద్దు వాన పడి పైపులన్నీ జారుతాండాయన్నా. ఆ మాట ఆయనే చెప్పినాడు. గొర్రెలు ప్రతి వానకాలం సస్తానే ఉంటాయి. ఈమె ఇనదు. వీధి వీధంతా చెప్పుకోనొచ్చింది, కోడలు కాలసర్పాన్ని ఇంటికి తెచ్చిందని. ఆస్పత్రిలో ఆయన దగ్గరికి కూడా పోనీకపాయ.”

ఆ పిల్ల మొగుణ్ణి చూసి పన్నెండు రోజులైందట. అప్పుడు గుర్తొచ్చింది, నేను ఇంకో పరీక్ష చెయ్యనేలేదని. థర్మల్ టెస్టర్ ఒక్కదాన్నే నమ్మి మాట చెప్పకూడదని మా చదువులో మొదటి నెలలోనే నేర్పిస్తారు. మిషన్ కూయగానే నేను కూడా కూశాను.

“అమ్మా సుజాతా, లోపలికి రా. కూచో” అని పిలిచాను. అత్త అడ్డు చెప్పలేదు. రాయిని శుభ్రంగా కడిగి తూచాను. తొమ్మిది పాయింటు ఆరు మూడు గ్రాములు. తర్వాత సన్నదారంతో కట్టి నీళ్ళలో వేలాడదీసి తూచాను. నీళ్ళలో ఏ రాయైనా కొంత బరువు తగ్గుతుంది. అసలు బరువును ఆ తగ్గిన బరువుతో భాగిస్తే వచ్చేదాన్ని స్పెసిఫిక్ గ్రావిటీ అంటాం. మంచి వజ్రానికి అది మూడున్నర దాటాలి. దీనికి సరిగ్గా మూడు గ్రాములు తగ్గింది. మూడు పాయింటు రెండు ఒకటి. భూతద్దం కింద తిప్పి చూశాను. రేకులు రేకులుగా ఆరుపలకల అంచులు, వాటిమీద నెమలిపింఛం రంగులు.

అది వజ్రం కాదు. సిలికాన్ కార్బైడ్. ఇసుకనూ బొగ్గుపొడినీ కొలిమిలో కాల్చి మనుషులు చేసే రాయి. పొడి కొట్టి సానరాళ్ళకూ, గ్రానైట్ పాలిష్‌కూ వాడతారు. గాజును గీస్తుంది, థర్మల్ టెస్టర్‌ను కూడా బురిడీ కొట్టిస్తుంది. ఏ లారీలోంచి జారి ఆ చేలో పడిందో చెప్పలేను. ఆ తర్వాత నా తృప్తికోసం బెంగళూరు ల్యాబుకు పంపితే వాళ్ళూ అదే పేరు రాశారు.

“పెద్దమ్మా, నేను తప్పు చెప్పినాను. ఇది వజ్రం కాదు. సానబట్టే రాయి” అన్నాను.

నాగలక్షమ్మ రెండు చేతులూ ఎత్తి కదిరి నరసింహస్వామికి దండం పెట్టింది. కళ్ళవెంబడి నీళ్ళు కారిపోయాయి. “వజ్రం కాదంట సుజాతా! నీ తప్పేం లేదంట! లే, ఇంటికి పోదాం.” కోడలి చెయ్యి పట్టుకొని లాగింది కూడా. నాకూ గుండెమీది బరువు దిగినట్టయింది. నా తప్పు నేనే దిద్దుకున్నానని లోపల కొంచెం గర్వం కూడా తలెత్తింది.

సుజాత లేవలేదు.

“వజ్రమై ఉంటే?” అంది.

అత్తకు అర్థం కాలేదు. “ఏంది?”

“వజ్రమై ఉంటే నాది తప్పేనా? నేను అదే మనిషిని కదా, అప్పుడైనా ఇప్పుడైనా. రాయి మారింది, నేను యాడ మారినా? రేపు ఇంకో రాయో, ఇంకో వీడియోనో వస్తాది. మళ్ళా బస్సెక్కమంటావు.”

ఆ ప్రశ్న అత్తకెంత తగిలిందో నాకూ అంతే తగిలింది. రాయి ఏదైనా అది మనిషిని తొయ్యలేదు అని గట్టిగా చెప్పాల్సినవాణ్ణి, ఆ పిల్లను కాపాడటానికి కూడా తక్కెడనే నమ్ముకున్నాను. తక్కెడలో ముల్లు ఇంకోవైపు తిరిగి ఉంటే ఏం చేసేవాణ్ణో నాకే తెలియదు.

నాగలక్షమ్మ మెల్లగా మళ్ళీ కూర్చుంది. “వజ్రమైనా నిన్ను తోడుకోనే పొయ్యేదాన్ని అంటే నమ్ముతావా?”

“నమ్మను.”

“నమ్మద్దులే. అబద్ధమే అది.” కొంగు నలుపుకుంటూ, నా వైపు చూడకుండా చెప్పింది. “అప్పా, ఆ రాయిని ముందర సూసింది నేను. ఈ పిల్ల కాదు. నీ చెయ్యి మంచిది, నువ్వు తియ్యమ్మీ అని నేనే దీనితో తీయించినా. కొడుకు పడినాక ఆ మాట నా నోటికి రాలా. ఇది కూడా ఒక్కనాడూ ఎత్తలా.”

సుజాత ఓదార్చలేదు, తిట్టనూ లేదు. “నాకు కాదు, ఊరికి చెప్పు” అంది. తర్వాత నా వైపు తిరిగింది. “నువ్వు కూడా అన్నా.”

వీడియో తీయడానికి ఫోను ఆ పిల్లే పట్టుకుంది. నేను అలవాటుగా గొంతు సవరించుకొని, “ప్రపంచ చరిత్రలోనే ఎంతో పేరున్న నల్లవజ్రం...” అని మొదలుపెట్టాను. సుజాత ఫోను దించేసింది.

“కథ వద్దన్నా. నువ్వేం తప్పు చెప్పినావో అది చెప్పు.”

మళ్ళీ మొదలుపెట్టి, నల్లవజ్రం ఇంట్లో ఉంటే మనుషులు పడతారన్నది నేను కల్పించిన మాట అని, దానివల్ల ఒక ఇంట్లో తప్పులేని పిల్ల మాట పడిందని చెప్పాను. నేను ముగించేలోపే నాగలక్షమ్మ వచ్చి నా పక్కన నిలబడి, తన పేరూ ఊరిపేరూ చెప్పుకొని, రాయిని ముందు చూసింది తనేనని ఫోనులోకి చూసి అంది. అదే వీడియోను ముందుగా చెల్లెలికి పంపించింది.

సాయంత్రం ఇద్దరూ అనంతపురం బస్సెక్కారు. ఎక్కేముందు సుజాత, “ఆయన దగ్గరికి పోతాండా. ఇంటికి వచ్చేది రానిది ఆయన లేచినాక చెప్తా” అంది. నాగలక్షమ్మ తల ఊపి, తన సంచీ కూడా తనే మోసుకుంటూ వెనక నడిచింది. ఓబులేసు కొన్ని నెలలకు కర్ర పట్టుకొని నడిచాడట. సుజాత ఆ ఇంట్లోనే ఉందని విన్నాను. నా మొదటి వీడియోను చూసినంతమంది రెండోదాన్ని చూడలేదు. చూడరు కూడా.

ఇప్పటికీ తొలకరి పడితే జనం వస్తారు. మిషన్ బయటికి తీసే ముందు ఒక మాట అడుగుతాను: “ఇది వజ్రమైతే మీ ఇంట్లో ఎవరికేమవుతుంది? కాకపోతే ఎవరికేమవుతుంది?” కొందరు నవ్వుతారు, కొందరికి కోపం వస్తుంది. ఒకాయన చాలాసేపు ఆలోచించి, రాయిని జేబులో వేసుకొని, పరీక్ష చేయించుకోకుండానే వెళ్ళిపోయాడు. నేను ఆపలేదు.